మూడు డీబీ ముక్క

జూన్ 9, సోమవారం

మళ్ళీ రాలేదు. ఇది పద్నాలుగో బోర్డు.

దేవిశ్రీ దాన్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టి పక్కనే నిలబడింది. ఎంత వచ్చిందని అడిగితే "ఇరవై నాలుగే అక్కా" అంది. ప్రొద్దుటూరు పిల్ల, నలుగురిలోనూ గట్టిగా మాట్లాడే రకం. ఈమధ్య గొంతు లేవడం లేదు. నా యాంటెన్నా బ్యాండ్, అంటే అది బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు, నలభై ఒక శాతం. ఆమె చేసేదీ అదే డిజైన్, అవే కొలతలు, అదే బోర్డు. ఉన్నది ఉన్నట్టు దింపమంటే దింపలేకపోతోంది. ఒక్కటి వస్తే కదా అలాంటివి నాలుగు కలిపి పెద్దది కట్టేది. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ నాలుగింటి మీదే నిలబడి ఉంది.

మా ఇద్దరి గైడ్ విశ్వేశ్వరరావు సార్ ఇవాళ ల్యాబ్‌లో అందరి ముందూ అనేశారు. "ఆడలేక మద్దెల ఓడని, డిజైన్‌లోనే ఏదో ఉందంటావేంటమ్మా? ఆ డిజైన్ ఎవాంజెలిన్ చేసింది, జర్నల్లో వచ్చింది, అరవై మంది తమ పేపర్లలో సైట్ చేశారు. వాళ్ళందరూ గుడ్డివాళ్ళా?"

దేవి తల వంచుకుంది. నాకు జాలేసింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, డైరీలో కూడా అబద్ధమెందుకు.

సార్ వెళ్ళాక సోల్డరింగ్ చూసుకోమని చెప్పాను. మా ఫీల్డులో రానిదానికల్లా అదొక్కటే మందు. ఏ పేపర్ తిరగేసినా చివర్లో ఒక వాక్యం ఉంటుంది: సిమ్యులేషన్‌కూ కొలతకూ మధ్య స్వల్ప తేడాలకు సోల్డరింగ్, కనెక్టర్ లోపాలు కారణం. నా పేపర్లోనూ ఉంది. పెళ్ళి శుభలేఖలో బంధుమిత్రుల అభినందనలు ఉన్నట్టు, ఎవరూ చదవరు, అందరూ వేయిస్తారు.

జూన్ 12, గురువారం

దేవికి సోల్డరింగ్ మొదటి నుంచీ నేర్పించాను. బోర్డు అంచున కనెక్టర్ పిన్ను ఎలా కూర్చోబెట్టాలి, సీసం ఎంత పెట్టాలి, ఎప్పుడు ఆపాలి. పిల్ల చూపుడు వేలి మీద మూడు చోట్ల కాలిన మచ్చలున్నాయి. చూపించదు, దాచుకుంటుంది.

"అక్కా, ఒకతూరి నువ్వే చేసి చూపీ. నీ చేత్తో వస్తే నా చెయ్యే దండగని తేలిపోతాది" అంది.

నేనే చేశాను. ఇరవై నాలుగు వచ్చింది.

సోల్డరింగ్ ఐరన్ టిప్ పాతబడిందని చెప్పాను.

జూన్ 13

కొత్త టిప్. ఇరవై నాలుగు.

జూన్ 20, శుక్రవారం

సెప్టెంబర్ 18న దేవికి రెండేళ్ళ రివ్యూ. చూపించడానికి ఏమీ లేకపోతే రిజిస్ట్రేషన్ తీసేస్తారు. ఈసారి సార్ ఊరికే బెదిరించడం లేదు, పోయినేడు ఒకబ్బాయిని అలాగే పంపించారు.

నాకు అక్టోబర్ 31. ఆరేళ్ళ గడువు ఆ రోజుతో సరి. ఆలోగా థీసిస్ ఇస్తే రాయదుర్గంలో రాడార్ కంపెనీవాళ్ళు తీసుకుంటామన్నారు. ఇవ్వకపోతే ఆ ఉద్యోగం లేదు, ఆరేళ్ళూ లేవు. ఎంఎంటీఎస్‌లో రోజూ చందానగర్ నుంచి హైటెక్ సిటీకి వచ్చి, ఐడీ కార్డులు మెళ్ళో వేసుకున్న జనం మధ్యలోంచి దిగి, వాళ్ళ అద్దాల బిల్డింగుల వెనకున్న మా రీసెర్చ్ సెంటర్‌కి నడుస్తాను. వాళ్ళలో సగం మంది నాకంటే చిన్నవాళ్ళు. వాళ్ళ టిఫిన్ బాక్సులు చూసినా కుళ్ళు పుడుతోంది. ఎంత దిగజారానో.

అసలు నువ్వు చేసేదేంటే అని అమ్మ మళ్ళీ అడిగింది. ఆస్పత్రిలో సిస్టర్లు అడుగుతున్నారట. "యాంటెన్నాలోకి పవర్ పంపిస్తాం. ఎంత తిరిగొచ్చిందో మిషన్‌లో చూస్తాం. తిరిగి రాకపోతే గాల్లోకి వెళ్ళినట్టు. ఎంత తక్కువ తిరిగొస్తే అంత మంచి యాంటెన్నా" అన్నాను.

"తిరిగి రానిదంతా వెళ్ళినట్టేనా?" అంది.

అమ్మ ముప్పై ఏళ్ళుగా నర్సు. ఇంజెక్షన్ ఇచ్చాక కూడా సిరంజి వైపు ఒకసారి చూసే మనిషి. వెళ్ళక ఇంకెక్కడికి పోతుందమ్మా అని విసుక్కున్నాను.

జూలై 1, మంగళవారం

వరసగా రాయాలి.

థీసిస్‌లో మూడో అధ్యాయం ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. అందులో కొలత రోజు ఫొటో ఉంది. మిషన్, దాని కేబుల్, కేబుల్ చివర నా యాంటెన్నా. జర్నల్లో వచ్చిన ఫొటో అదే. పక్క ల్యాబ్ డిఫెన్స్ ప్రాజెక్టులో స్టోర్ చూసే వెంకటనారాయణ గారు కేబుళ్ళ లెక్కకి వచ్చి, నా భుజం మీదుగా చూసి ఆగిపోయారు.

"మేడం, గీ ఫొటోల ఉన్నది మాదే గదా?"

"ఏదండీ?"

"గీ ఇత్తడి ముక్క. కేబుల్ కొసకున్నది. ఎర్ర చుక్క కనిపిస్తలేదా? మా ఇంటామె నెయిల్‌పాలిష్ తెచ్చి నేనే పెట్టిన. గిది గాయబైందని మా సార్లు నన్నెంత పరేషాన్ చేసిన్రో! మూడేండ్లాయె. మీ దగ్గరున్నదా ఏంది?"

చూశాను. వేలి కణుపంత ముక్క. కేబుల్‌కీ నా యాంటెన్నాకీ మధ్యలో. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న ఫొటోలో.

వెతికి ఇస్తానన్నాను. "ఫికర్ లేదు మేడం, ఎప్పుడో రాసేసినం అది పోయిందని" అని నవ్వుకుంటూ బోరబండ రైలుకి టైమైందని వెళ్ళిపోయారు. పాపం, ఆయనకేం తెలుసు. ఆయన వస్తువు ఆయనకి దొరికింది, అంతే.

అది మూడు డీబీ ముక్క. దాని పనే పవర్ తినడం. ఎక్కువ పవర్ వచ్చి మిషన్ పాడవకుండా ప్రాజెక్టువాళ్ళు కేబుల్ చివర పెట్టుకుంటారు. వెళ్ళేటప్పుడు సగం తింటుంది, తిరిగొచ్చేటప్పుడు మిగిలినదాంట్లో మళ్ళీ సగం తింటుంది. కొలిచే ముందు ఆ ముక్క కూడా ఉందని మిషన్‌కి చెప్పాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటాం, అరగంట పని. ఆ రోజు మిషన్ తమకి కావాలని ప్రాజెక్టువాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, నాకు గంటే ఉంది. మిషన్‌లో సేవ్ చేసి ఉన్న పాత క్యాలిబ్రేషన్ పిలిచి వాడేశాను. ఆ పాతదానికి ఈ ముక్క సంగతి తెలియదు, ముక్క తిన్నదంతా యాంటెన్నా గాల్లోకి పంపినట్టే లెక్కేసింది.

కాదేమో. ఫొటో తీసేటప్పుడు మాత్రమే ఉండి ఉండొచ్చు. కొలిచేటప్పుడు లేదేమో.

జూలై 2, బుధవారం

అందరూ భోజనానికి వెళ్ళాక కొలిచాను. ముక్క నా కేబుళ్ళ డబ్బాలోనే ఉంది, అడుగున.

నా యాంటెన్నా ఒక్కటే పెడితే ఇరవై నాలుగు.

ముక్క పెట్టి పాత క్యాలిబ్రేషన్ పిలిస్తే నలభై ఒకటి.

గ్రాఫు మీద గ్రాఫు పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టు.

సిమ్యులేషన్‌లో ముందే ఇరవై నాలుగని ఉంది. కంప్యూటర్ నిజమే చెప్పింది. కొలత అంతకంటే బాగా వస్తే ఎగిరి గంతేశాం. సార్ స్వీట్లు తెప్పించారు. తక్కువొస్తే సోల్డరింగ్ అని రాస్తాం సరే, ఎక్కువొచ్చినా సోల్డరింగ్ వల్లేనని రాసిన మహానుభావురాలిని నేనే. ఇద్దరు రివ్యూయర్లు కూడా సరేనన్నారు!

దేవి బోర్డులు పద్నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. మొదటిదీ సరిగ్గానే ఉంది. రెండేళ్ళ కిందటే.

రేపు చెప్తాను.

జూలై 3

దేవి సెలవులో ఉంది. సోమవారం చెప్తాను.

జూలై 6, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు నేను రొట్టె తీసుకోలేదు, పక్కకి అందించేశాను. మనసులో ఏదైనా ఉంటే తీసుకోకూడదని చిన్నప్పుడు అమ్మే నేర్పింది. అమ్మ తిరిగి చూడలేదు గానీ చూసింది. ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ "ఎవరితోనైనా గొడవ పడ్డావా?" అంది.

లేదన్నాను.

"అయితే పోయి సర్దుకో" అంది. లేదన్నా సరే.

జూలై 17, గురువారం

చెప్పలేదు. ఆ సోమవారం చెప్పలేదు, పై సోమవారమూ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

ఇవాళ దేవి వచ్చి "అక్కా, నీ పాత బోర్డు ఉంటాది గదా, అదొకతూరి కొలిచి చూద్దామా? మిషన్‌లో ఏమన్నా తేడా ఉండాదేమో తెల్సిపోతాది" అంది.

తెలివైన పిల్ల. రెండేళ్ళ కిందటే నేను చేయాల్సిన పని అది.

"దాని కనెక్టర్ విరిగిపోయింది దేవీ" అన్నాను. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"అయ్యో" అంది. నా కోసం బాధపడింది!

తను క్యాంటీన్‌కి వెళ్ళాక బీరువా తీసి బోర్డు పట్టుకున్నాను. రేపెప్పుడైనా చూపించమంటే? పట్టకారుతో ఒక్క మెలి. చాలా సులభంగా విరిగింది. నా సోల్డరింగ్ అంత గొప్పదేం కాదు.

జూలై 18

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

చెప్పేశాను. సార్‌కి. ముక్క తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టి, రెండు గ్రాఫులూ చూపించాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సార్ చాలాసేపు గ్రాఫులు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

"చూడమ్మా ఎవాంజెలిన్. ఈ పేపర్ మీదే మనకి ప్రాజెక్టు శాంక్షనయింది. ఇప్పుడు తప్పని రాస్తే ప్రాజెక్టు పోతుంది. నీ థీసిస్‌లో మూడో అధ్యాయం పోతుంది, మూడో అధ్యాయం పోతే థీసిస్ పోతుంది. అక్టోబర్ దాటనీ. డిగ్రీ చేతికొచ్చాక నిదానంగా సవరణ పంపిద్దాం."

"దేవి సంగతి, సార్?"

"ఆ అమ్మాయికి వేరే టాపిక్ ఇస్తాను. నేను మాట్లాడతానుగా, నువ్వు బెంగ పెట్టుకోకు."

పాపం సార్ కూడా మనిషే కదా. ఆయన కష్టం ఆయనది. వేరే టాపిక్ అయితే దేవికీ మంచిదే, ఈ పీడ వదులుతుంది. లేచి వస్తుంటే "ఆ ముక్క వాళ్ళది వాళ్ళకిచ్చెయ్యమ్మా" అన్నారు. ఇచ్చేశాను. వెంకటనారాయణ గారు ఎంత సంతోషించారో.

నేను చేయగలిగింది చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

ఇవాళ బల్లలో రొట్టె తీసుకున్నాను. సార్‌కి చెప్పేశాను కదా. అమ్మ మొహం విప్పారింది. ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టింది. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

దేవి పదిహేడో బోర్డు చేస్తోంది.

సార్ ఇంకా చెప్పినట్టు లేదు. మీటింగుల్లో ఉన్నారు.

ఆగస్టు 26, మంగళవారం

దేవి చేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. పందొమ్మిదో బోర్డు.

"తినలేదా ఏమైనా?" అన్నాను.

"హాస్టల్‌లో తిన్నానక్కా. యాడ తప్పు జరుగుతాండాదో తెలీడంల్యా. కలలో గూడా ఆ ఇరవై నాలుగే కనపడతాంది."

అయిదో అధ్యాయంలో బొమ్మల నంబర్లు సరిచేశాను. చాలా పని ఉంది.

సెప్టెంబర్ 10, బుధవారం

సార్‌కి గుర్తు చేశాను, వేరే టాపిక్ అని. ఇంకా వారమే ఉంది.

"వారంలో కొత్త టాపిక్ ఏమిస్తామమ్మా? రివ్యూలో నేనుంటానుగా. ఇంకో ఆర్నెల్లు టైమిప్పిస్తాను" అన్నారు.

ఆర్నెల్లంటే చాలు. ఆర్నెల్లలో నేను బయటపడతాను, అప్పుడు దేవికి అంతా నేనే చెప్తాను. సారీ కూడా చెప్తాను. నవ్వుకుంటాం కూడానేమో.

సెప్టెంబర్ 18, గురువారం

రివ్యూ పదకొండింటికి. నేను సీనియర్‌ని కాబట్టి వరండాలో కూర్చున్నాను, పిలిస్తే వెళ్ళడానికి. వాళ్ళు అడిగితే చెప్పేయాలని పొద్దున రైల్లోనే నిర్ణయించుకున్నాను. అడిగితే.

తలుపు సరిగ్గా వేయలేదు, అన్నీ వినపడ్డాయి. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన, "రెండేళ్ళలో సీనియర్ చేసిందే మళ్ళీ చేయలేకపోయావు, కారణం ఏమనుకుంటున్నావు?" అన్నారు.

తర్వాత దేవి గొంతు. "నా సోల్డరింగ్ సార్. నాకు చెయ్యి తిరగలేదు."

నేను నేర్పిన మాట. లేచి నిలబడ్డాను. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆ ప్రొఫెసర్ సార్‌ని అడిగారు. "డిజైన్‌లో సమస్యేమీ లేదు కదా?"

"లేదండి. పబ్లిష్ అయిన డిజైన్" అన్నారు సార్.

ఇంకో ఆర్నెల్లని సార్ ఎక్కడా అనలేదు. ఒకసారి దగ్గారు. అనబోతున్నారేమో అనుకున్నాను.

దేవి బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. సార్ తలుపు తీసి నన్ను చూసి, "నువ్వు రానక్కర్లేదమ్మా, అయిపోయింది" అన్నారు.

రానక్కర్లేదనగానే నాకెంత హాయిగా అనిపించిందో దేవుడికే తెలియాలి. ఆ హాయిని నేను మర్చిపోలేను. నేను నీచురాలిని. ఇంకేం రాయను ఇవాళ.

సెప్టెంబర్ 22, సోమవారం

దేవి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తూ ఉత్తరం వచ్చింది. నోటీసు బోర్డులో కూడా పెట్టారు.

నా థీసిస్ మీద సార్ సంతకం పెట్టారు.

సెప్టెంబర్ 23

రద్దు అయినవాళ్ళు పదిహేను రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చట. ఉత్తరంలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. దేవి చూసిందో లేదో.

చూసే ఉంటుంది.

సెప్టెంబర్ 27, శనివారం

నిజాంపేట వెళ్ళాను, దేవి హాస్టల్‌కి. సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు. వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళకపోతే ఏమనుకుంటుందోనని వెళ్ళాను.

గదిలో మిగతా ముగ్గురి మంచాల మీదా బట్టలు, దేవి మంచం మీద ఉత్త పరుపు. పుస్తకాలు జూనియర్‌కి ఇచ్చేసిందట. ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు పని ఉందని వాళ్ళ మామ చెప్పాడట. "పిలకాయలకు నేర్పించడమేలే అక్కా, నాకొచ్చిందేదో" అని నవ్వింది. నాకు కూర్చోమని కుర్చీ తుడిచి వేసింది. టీ తెప్పించింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో రేడియో విప్పి తన్నులు తిన్న కథ చెప్పింది. అన్నీ చెప్పింది గానీ ల్యాబ్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. టీ చల్లారిపోయింది.

బ్యాగు జిప్పు వేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఒక్క మాట అక్కా. నిజం చెప్పు, నేనేమీ అనుకోను. తప్పు నా చేతిలోనే ఉండిందా?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ లేరు, సార్ లేరు, ప్రొఫెసర్లు లేరు. ఒక్క ముక్క చెబితే చాలు. ఎన్నో అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఈ పిల్లకి ఒరిగేదేముంది, రెండేళ్ళు ఎలాగూ పోయాయి, ఉత్త పుణ్యానికి బాధ. తర్వాత చెబితే మెల్లగా అర్థం చేసుకుంటుంది. అక్టోబర్ 31కి ఇంకా నెలే. ఆ కొద్దిసేపట్లో ఇన్ని కారణాలు ఎక్కడి నుంచి వచ్చాయో.

"అవును దేవీ" అన్నాను.

దేవి ఊపిరి వదిలింది. నిజంగా, ఏదో బరువు దించుకున్నట్టు వదిలింది.

"అట్లయితే సరేలేక్కా. మా నాయన ఊరుకోవడంల్యా. అప్పీలుకు కాగితం గూడా రాయించి పెట్టినాడు, సోమవారం వచ్చి ఇచ్చి కొట్లాడతానంటాండాడు. నేనే ఆపినా, అక్కను అడిగి చెప్తా అని. నా తప్పేనని తెల్సినాక ఇంగ కొట్లాటెందుకు."

అక్కడే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. "వద్దులే నాయనా, రావద్దు. అక్క చెప్పింది" అంది. అవతల ఆయన ఏదో అంటున్నారు, చాలాసేపు అన్నారు. "లేదు నాయనా. నాదే" అంది.

ఫోన్ పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళ మీద మచ్చలు గరుకుగా తగిలాయి. "అందరూ తిట్టినారు గానీ అడిగితే ఉన్నమాట చెప్పింది నువ్వొక్కదానివే అక్కా" అంది.

ఆటో వచ్చింది. బరువుగా ఉందని వద్దంటున్నా ఆమె బ్యాగు నేనే మోశాను.